కెమెరా లేని సినిమాకు అండమాన్‌లో చోటుండాలి

అండమాన్ దీవుల్లో ఫిల్మ్ రీలు ఎక్కువ కాలం బతకదు. శ్రీ విజయపురంలో – 2024 సెప్టెంబరు దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్ – ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. నైరుతి వెళ్లిందనుకునేలోపు ఈశాన్యం వస్తుంది. గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 80 శాతం చుట్టూ తిరుగుతుంది. బీరువాలో దాచిన తోలు బెల్టుకు బూజు పట్టే వాతావరణం అది. ఫిల్మ్ మీది పూత కూడా దాదాపు తోలు జాతిదే. పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీసిన జెలటిన్‌లో వెండి లవణాల రేణువులను కలిపి ప్లాస్టిక్ పట్టీ మీద పూస్తారు. బూజుకు అది భోజనం.

అడుగున ఉన్న పట్టీకీ రక్షణ లేదు. 20వ శతాబ్దం రెండో సగంలో ఎక్కువగా వాడిన ఎసిటేట్ ఫిల్మ్ తేమ సోకి నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పాత రీళ్ల డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే వెనిగర్ వాసన అదే. వెలువడిన ఆమ్లం మిగతా విచ్ఛిన్నాన్ని ఇంకా వేగవంతం చేస్తుంది కాబట్టి, ఒకసారి మొదలైతే ఇక ఆగదు. అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 21 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమలో ఉంచిన కొత్త ఎసిటేట్ ఫిల్మ్‌లో ఈ క్షయం మొదలవడానికి దాదాపు 40 ఏళ్లు పడుతుంది. వేడి, తేమ పెరిగిన కొద్దీ ఆ గడువు కుంచించుకుపోతుంది. అండమాన్‌లో రెండూ ఎక్కువే.

ఇలాంటి చోట పిల్లల చేతికి ఫిల్మ్ ముక్క ఇచ్చి, దాని మీదే గీయండి, గీకండి, సినిమా చేయండి అనడం వింతగా తోచవచ్చు. అయినా ద్వీపాల బడుల్లో, శ్రీ విజయపురంలోని సైన్స్ సెంటర్‌లో మొదలుపెట్టదగిన పని అది. భౌతిక, రసాయన, జీవశాస్త్ర పాఠాలు మూడూ ఒకే పట్టీ మీద దొరకడం అందుకు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఈ ద్వీపాలకు కెమెరాతో ఉన్న పాత లెక్క.

ముందు పని సంగతి చూద్దాం. ఫిల్మ్ మీద నేరుగా గీసి సినిమా చేసే పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూజిలాండ్‌లో పుట్టిన లెన్ లై 1935లో బ్రిటన్ తపాలా శాఖ ఫిల్మ్ విభాగం కోసం ‘ఎ కలర్ బాక్స్’ అనే చిన్న చిత్రాన్ని కెమెరా లేకుండా, ఫిల్మ్ మీద రంగులు పూసి తయారు చేశాడు. అది పార్సిల్ సేవల ప్రకటన. తర్వాత 1958లో నల్ల ఫిల్మ్‌ను సూదిమొనలతో గీకి ‘ఫ్రీ రాడికల్స్’ చేశాడు. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్ 1949లో ‘బిగాన్ డల్ కేర్’లో జాజ్ సంగీతానికి రంగుల గీతలు ఆడించాడు. అమెరికాలో స్టాన్ బ్రాకేజ్ 1963లో ‘మాత్‌లైట్’ కోసం చిమ్మట రెక్కలను, పూరేకులను, గడ్డిపోచలను పారదర్శక టేపుల మధ్య అతికించి ప్రింటు తీయించాడు. మన దేశంలో ఫిల్మ్స్ డివిజన్ కూడా 1960ల చివర్లో ప్రయోగాలకు తలుపు తెరిచింది. ప్రమోద్ పతి 1968లో తీసిన ‘ఎక్స్‌ప్లోరర్’ అందుకు సాక్ష్యం. అది చేత్తో గీసిన చిత్రం కాదు. కానీ కథ చెప్పని సినిమాకు కూడా ప్రభుత్వ సంస్థలో చోటు ఉండగలదని చూపింది.

16 ఎం.ఎం. ఫిల్మ్‌లో ఒక్కో ఫ్రేము వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు, ఎత్తు ఏడున్నర. చిటికెన వేలి గోరంత జాగా. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఒక నిమిషానికి 1,440 ఫ్రేములు, పొడవులో సుమారు 11 మీటర్లు. తరగతి గదిలో బల్లలన్నీ వరసగా చేర్చి పరిస్తే నిమిషం సినిమా మొత్తం కళ్ల ముందు ఉంటుంది. పిల్లలు తలొక మూరెడు ముక్క పంచుకోవచ్చు. కాలాన్ని స్కేలుతో కొలవడం ఇంత సూటిగా అర్థమయ్యే చోటు మరొకటి కనిపించదు.

చుక్క పెట్టడంలోనే కొలతల పాఠం ఉంది. 10 మిల్లీమీటర్ల ఫ్రేము 2 మీటర్ల తెర మీద పడితే 200 రెట్లు పెద్దదవుతుంది. అంటే పక్కపక్క ఫ్రేముల్లో చుక్క ఒక మిల్లీమీటరులో పదో వంతు జరిగినా తెర మీద 2 సెంటీమీటర్లు ఎగురుతుంది. చేత్తో గీసిన సినిమా ఎప్పుడూ వణుకుతూ ఉండడానికి కారణం అదే. ఆ వణుకును తప్పుగా కాక, కొలతలో అనివార్యమైన దోషంగా చూడడం నేర్చుకున్న విద్యార్థికి ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ ఎందుకు ఇస్తారో విడిగా చెప్పనక్కరలేదు. విడి బొమ్మలు కదులుతున్నట్టు కనిపించడానికి ‘దృష్టి స్థిరత’ కారణమని పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ రాస్తుంటాయి. కన్ను బొమ్మను కాసేపు పట్టి ఉంచడం వల్ల కదలిక పుట్టదు, బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయంతే. ఒకదాని తర్వాత ఒకటి వెలిగిన రెండు గీతలను మెదడు ఒకే గీత కదలికగా అల్లుకుంటుందని మాక్స్ వెర్‌థైమర్ 1912లోనే ప్రయోగాలతో చూపాడు. ఫ్రేముల మధ్య దూరాన్ని మారుస్తూ ఎక్కడ కదలిక తెగిపోతుందో పిల్లలే కనిపెట్టవచ్చు.

శబ్దం పాఠం ఇంకా రుచికరమైనది. 16 ఎం.ఎం. సౌండ్ ఫిల్మ్ అంచున సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. ప్రొజెక్టర్‌లోని చిన్న దీపపు కాంతి దాని గుండా పోయి, అవతల ఉన్న ఫొటోసెల్ మీద పడుతుంది. కాంతిలోని హెచ్చుతగ్గులే స్పీకర్లో ధ్వనిగా మారతాయి. ఆ పట్టీ మీద నల్ల సిరాతో అడ్డగీతలు గీస్తే అవి వినిపిస్తాయి! మెక్‌లారెన్ 1940లో ‘డాట్స్’, ‘లూప్స్’ చిత్రాల్లో బొమ్మనూ శబ్దాన్నీ రెండింటినీ పెన్నుతోనే గీశాడు. లెక్క సులువు. ఒక్కో ఫ్రేము పొడవులో సమాన దూరంలో 10 గీతలుంటే సెకనుకు 240 కంపనాలు, 20 గీతలుంటే 480. మొదటిది షడ్జం అనుకుంటే రెండోది పై షడ్జం. పౌనఃపున్యం రెట్టింపైతే స్థాయి మారుతుందన్న వాక్యాన్ని బట్టీ పట్టడానికీ, గీతలను రెట్టింపు చేసి చెవితో వినడానికీ తేడా ఉంది. బొమ్మ ఎదురుగా గీసిన శబ్దం బొమ్మతో కలిసి రాదని కూడా అప్పుడే తెలుస్తుంది. 16 ఎం.ఎం.లో శబ్దాన్ని బొమ్మ కన్నా 26 ఫ్రేములు ముందు ఉంచాలి, ఎందుకంటే ఫ్రేము కటకం ముందు ఆగి ఆగి నడవాలి, శబ్దపు పట్టీ మాత్రం ఆగకుండా జారాలి. రెండూ ఒకే చోట కుదరవు.

రంగుల విషయానికొస్తే, టూరింగ్ టాకీసుల్లో సినిమాలు చూసినవారికి తెర మీద నిలువునా జారే ఆకుపచ్చ, పసుపు గీతలు గుర్తుండే ఉంటాయి. ఆ రంగులు యాదృచ్ఛికం కావు. రంగుల ప్రింటు ఫిల్మ్‌లో పైన మెజెంటా, మధ్యలో సయాన్, అడుగున పసుపు పొరలుంటాయి. మూడూ నిండుగా ఉంటే నలుపు. పైపైన గీకితే మెజెంటా పోయి సయాన్, పసుపు కలిసిన ఆకుపచ్చ కనిపిస్తుంది. ఇంకాస్త లోతుగా గీకితే పసుపే మిగులుతుంది. అదీ పోతే తెల్లని వెలుగు. ఒక సూది, చేతి బరువులో తేడా – రంగుల వ్యవకలనం మొత్తం అంతే. తెలుగు సినిమా ప్రొజెక్టర్లు ఏళ్ల తరబడి ఈ పాఠాన్ని ఉచితంగా చెప్పాయి, ఎవరూ పట్టించుకోలేదు.

రసాయన పాఠానికి చీకటి గది కూడా అక్కరలేదు. డచ్ కళాకారుడు కారెల్ డోయింగ్ ప్రచారంలోకి తెచ్చిన ‘ఫైటోగ్రామ్’ పద్ధతిలో ఆకులను విటమిన్ సి, బట్టల సోడా కలిపిన నీళ్లలో నానబెట్టి, నలుపు తెలుపు ఫిల్మ్ మీద పగటి వెలుగులోనే పరుస్తారు. ఆకులోని ఫినాలిక్ పదార్థాలు, విటమిన్ సి కలిసి క్షార ద్రావణంలో వెండి లవణాలను లోహపు వెండిగా క్షయకరణం చేస్తాయి. ఆకు తాకిన చోట దాని ఈనెలతో సహా ముద్ర పడుతుంది. ఆ తర్వాత హైపోలో ముంచి కడగాలి. కాఫీ పొడి, బట్టల సోడాతో ఫిల్మ్ కడగవచ్చని 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒక తరగతి చేసి చూపింది కూడా ఈ సూత్రం మీదే. జామాకు, తమలపాకు, వక్కచెట్టు ఆకు... వేటి ముద్ర నల్లగా పడుతుంది, వేటిది పలచగా పడుతుంది అన్నది పెరట్లో తేల్చుకోదగిన ప్రశ్న.

ఇక కెమెరా లెక్క. 1879లో అండమానీయుల వ్యవహారాలు చూసే అధికారిగా నియమితుడైన మారిస్ విడాల్ పోర్ట్‌మన్, 1890లలో బ్రిటిష్ మ్యూజియం కోసం అక్కడి తెగల మనుషుల ఫొటోలు పెద్ద సంఖ్యలో తీశాడు. కొందరిని గళ్ల తెర ముందు నిలబెట్టి, కొలతబద్ద మీది వస్తువుల్లా చిత్రించాడు. 1974లో ఫిల్మ్స్ డివిజన్ ‘మ్యాన్ ఇన్ సెర్చ్ ఆఫ్ మ్యాన్’ తీసిన కాలంలో ఉత్తర సెంటినెల్ తీరానికి చేరిన బృందం మీద బాణాలు పడ్డాయి, చిత్రబృందంలో ఒకరి తొడకు గాయమైంది. ఆ దీవి వారి జవాబు అంతకన్నా స్పష్టంగా ఉండనక్కరలేదు. 2012 జనవరిలో, తిండి ఆశ చూపి జారవా మహిళలతో నాట్యం చేయించిన వీడియో బయటపడి దేశం తలదించుకుంది. ఈరోజు జారవా ప్రాంతం గుండా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఫొటో, వీడియో తీయడం నేరం. నూట పాతికేళ్లకు పైగా సాగిన ఈ వరసలో కెమెరా ఎప్పుడూ బయటివారి చేతిలో ఉంది, ముఖం మాత్రం ద్వీపవాసులది.

కెమెరా లేని సినిమా ఎవరి ముఖాన్నీ అడగదు. గీతలు, చుక్కలు, ఆకు ముద్రలు, ఉప్పు మరకలు – దానికి కావలసిన సరుకంతా అక్కడి నేలదే, చేసేవారి చేతులూ అక్కడివే. భాష అడ్డం కూడా ఉండదు. 2011 జనగణన ప్రకారం ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం, నికోబారీ, మలయాళం మాట్లాడే ఇళ్ల పిల్లలతో కలిసి వాళ్లు చదువుతారు. మాటలే లేని నిమిషం సినిమాకు డబ్బింగు అక్కరలేదు. ఒక హెచ్చరిక మాత్రం ఉండాలి. ఓంగీలు ముఖాల మీద వేసుకునే తెల్లమట్టి గీతలనో, మరో తెగ అలంకారాలనో ‘అమూర్త కళ’ పేరుతో ఫిల్మ్ మీదకు ఎక్కిస్తే, కెమెరా చేసిన పనిని సూది చేసినట్టే.

ఈ పనిలో ఉత్సాహం హద్దు దాటే చోట్లు ఉన్నాయి. అమెరికన్ చిత్రకారుడు డేవిడ్ గాటెన్ 1990ల చివర్లో ఫిల్మ్‌ను పీతల బుట్టల్లో పెట్టి సౌత్ కరొలైనా తీరంలో సముద్రంలోకి వదిలాడు. ఉప్పు, ఇసుక, పీతలు చేసిన గీతలే ‘వాట్ ద వాటర్ సెడ్’ అయ్యాయి. మంచి సినిమా అది. కానీ వండూరు దగ్గర మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు ఉన్న చోట, పగడాలన్నిటికీ వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్న చోట, ఆ ప్రయోగాన్ని అనుకరించకూడదు. ఫిల్మ్ అంటే ప్లాస్టిక్ పట్టీ, దాని మీద వెండి లవణాలు. అల కొట్టుకుపోతే తిరిగి రాదు. బకెట్టు సముద్రపు నీరు చాలు. ‘మాత్‌లైట్’ దారిలో పోయి సీతాకోకచిలుకల రెక్కలు, తీరంలోని పగడపు ముక్కలు ఏరడం కూడా కుదరదు. పెరట్లో రాలిన ఆకులు, పూరేకులు ఉన్నాయి కదా. వాడిన హైపోలో వెండి కరిగి ఉంటుంది, దాన్ని మోరీలో పారబోస్తే నీటి జీవులకు చేటు. ఇనుప పీచు వేసి ఉంచితే ఇనుము కరిగి వెండి కిందికి దిగుతుంది. పదో తరగతిలో చదివే స్థానభ్రంశ చర్యే అది, ఈసారి అవసరం కోసం.

కళను విజ్ఞానంగా పొరబడడం ఇంకో ప్రమాదం. జపాన్ చిత్రకారుడు తొమొనారి నిషికావా 2014 జూన్‌లో ఫుకుషిమా దాయిచి అణు కేంద్రానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో 35 ఎం.ఎం. నెగటివ్‌ను సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆకుల కింద పాతిపెట్టి, దాని మీద పడిన మచ్చలతో రెండు నిమిషాల చిత్రం చేశాడు. చూసేవారు ఆ మచ్చలను రేడియేషన్ చేతిరాతగా చదువుకోవడం సహజం. కానీ తేమకూ మచ్చలు పడతాయి, మట్టిలోని సూక్ష్మజీవులకూ పడతాయి. పక్కన పోల్చడానికి మరో ముక్క లేకపోతే ఏ మచ్చ దేనిదో చెప్పలేం. చిత్రకారుడికి ఆ ముక్క అక్కరలేదు, విద్యార్థికి కావాలి.

అండమాన్ వాతావరణం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. ఒకే రీలు నుంచి నాలుగు ముక్కలు కత్తిరించాలి. ఒకటి సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో, ఒకటి తరగతి గోడకు, ఒకటి సముద్రపు నీటిలో తడిపి ఆరబెట్టి, ఒకటి పూలకుండీ మట్టిలో. వారానికోసారి భూతద్దంతోనో మైక్రోస్కోపుతోనో చూసి, తేదీ, ఉష్ణోగ్రత, తేమ రాయాలి. నీరు తగిలిన జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. మట్టిలోని కొన్ని బ్యాక్టీరియా దాన్ని కరిగించే ఎంజైములు విడుదల చేస్తాయి. ఉప్పు ఆరిన చోట స్ఫటికాలు నిలుస్తాయి. నాలుగూ కలిపి అతికించి తెర మీద వేస్తే, పురాతన చిత్రాలను కాపాడేవారు జీవితమంతా దేనితో పోరాడతారో అరనిమిషంలో కనిపిస్తుంది. బూజు పట్టిన ముక్కలను మాస్కు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, మంచి రీళ్ల దగ్గర పెట్టకూడదు.

మెరుపుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒక ఫ్రేము ఎరుపు, పక్కది నీలం – పిల్లలకు మొదట తోచే ఆలోచన ఇదే. 24 ఫ్రేముల వేగంలో అది సెకనుకు 12 సార్ల మెరుపు అవుతుంది. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీలో వచ్చిన పోకెమాన్ భాగం ఒకటి దాదాపు అదే వేగంతో ఎరుపు, నీలం మెరిపించి 600 మందికి పైగా పిల్లలను ఆసుపత్రుల పాలు చేసింది. అందువల్ల ఒక్కో రంగు కనీసం పన్నెండు ఫ్రేములు నిలవాలన్న నియమం తరగతిలో ముందే పెట్టాలి.

గీకడానికి ఫిల్మ్ ఎక్కడిది? ఊటీలో 1960లో మొదలైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది, ఇప్పుడు కొత్తది దిగుమతే. పాత రీళ్లు చవకగా దొరకవచ్చు, కానీ వాటి మీద సూది పెట్టేముందు అందులో ఏముందో చూడాలి. మన దేశంలో ఎన్నో ప్రింట్లను వెండి కోసం కరిగించేశారు. ‘ఆలం ఆరా’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ద్వీపాల్లో ఎవరి అటకమీదో ఉన్న డబ్బాలో ఒక పాత జెట్టీ, ఒక పాత బజారు ఉండవచ్చు, దానికి మరో ప్రతి ఉండకపోవచ్చు. అలాంటిది పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారానికి తెలపాలి. 35 ఎం.ఎం. పాతవైతే మండే నైట్రేట్ ఫిల్మ్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. 1923లో వచ్చిన నాటి నుంచీ సేఫ్టీ పట్టీ మీదే తయారవుతున్న 16 ఎం.ఎం. బడికి మేలు.

ప్రతి చేతిలో ఫోను ఉన్న కాలంలో ఈ పాత యంత్రాల గొడవ ఎందుకని అడిగేవారు ఉంటారు. ప్రశ్న న్యాయమైనదే. నడిచే ప్రొజెక్టర్లు తక్కువ, బాగుచేసేవారు ఇంకా తక్కువ. కాంప్‌బెల్ బే వంటి చోటికి యంత్రం ఓడలో వెళ్లాలి. కానీ ఫోను తన లోపల ఏం జరుగుతుందో చూపించదు. ఫిల్మ్‌కు దాచే లోపలే లేదు, బొమ్మా శబ్దమూ రంగూ వేలితో తాకగల చోట ఉంటాయి. పైగా గీయడానికి కరెంటు అక్కరలేదు. మొత్తం ద్వీపసమూహానికి సైన్స్ సెంటర్‌లో ఒక్క ప్రొజెక్టర్ ఉన్నా పని నడుస్తుంది. బడుల్లో చేసిన ముక్కలు టపాలో అక్కడికి వస్తాయి. ఆ ఒక్కటీ లేని చోట తెల్లకాగితం వెనక దీపం పెట్టి, ఫ్రేమును ఫ్రేముగా ఫోనుతో తీసి కలపవచ్చు. ఫోను పనికొచ్చేది అక్కడ.

అలా ప్రతి తీసుకున్నాక అసలు రీలును పారేయనక్కరలేదు. డబ్బాలో పెట్టి, ఏటా వానలు వెలిసిన వారం మూత తీసి వాసన చూడాలి. ఈనెల ముద్ర ఎక్కడ చెరిగిందో, బూజు ఏ ఫ్రేము దగ్గర మొదలైందో డబ్బాలోనే ఉంచిన పుస్తకంలో తరగతులు మారే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు రాస్తారు.